మొదటి గేర్ల బండి ఏది కొనాలి: తిరుపతి, చిత్తూరు రోడ్లకు తగిన పోలిక

మొదటి మోటార్ సైకిల్ కొనడానికి షోరూంకు వెళ్లేవారు సాధారణంగా ఒక ప్రశ్న సిద్ధం చేసుకునే వెళ్తారు. పెద్దలు వెంట ఉంటే మైలేజీ ఎంత అని అడుగుతారు, కుర్రవాళ్లు ఒంటరిగా వెళ్తే పికప్ ఎలా ఉంటుందని అడుగుతారు. ఈ రెండింటికన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది, దానికి జవాబు సేల్స్‌మన్ దగ్గర దొరకదు, మన కాళ్లూ చేతులే చెప్పాలి. మనిషి నడిచేంత నెమ్మది వేగంలో ఈ బండి నా మాట వింటుందా అన్నదే ఆ ప్రశ్న.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఈ ప్రశ్న తట్టలేదు. నా ఎత్తుకూ బలానికీ మించిన బండి కొన్నాను. మూడో వారంలో కపిలతీర్థం రోడ్డులో ముందు వెళ్తున్న బస్సు ఆగితే నేనూ ఆగాను. ఎడమ కాలు మోపిన చోట ఇసుక ఉండడంతో కాలు జారింది, బండి ఒరిగింది, ఒక హద్దు దాటి ఒరిగిన బండిని నిలబెట్టే శక్తి నాకు లేకపోయింది. ట్యాంకు సొట్టపడింది, క్లచ్ లివరు విరిగింది, వెనక ఆటోలోని యాత్రికులు దిగి వచ్చి బండిని లేపి పెట్టారు. ఆ క్షణంలో నా వేగం సున్నా. సొట్ట తీయించడానికి రెండు రోజులు పట్టింది గానీ, రద్దీలో బండి ఆపవలసి వచ్చిన ప్రతిసారీ గుండె దడదడలాడడం మానడానికి ఆరు నెలలు పట్టింది. అప్పటినుంచి బంధువుల్లో ఎవరు మొదటి బండి కొంటున్నా వెంట వెళ్లడం నాకు అలవాటైంది.

రోడ్డును బట్టి బండి

తిరుపతిలో నడిపే మనిషి రోజులో ఎక్కువ సేపు గంటకు ముప్పై కిలోమీటర్ల లోపే తిరుగుతాడు. గాంధీ రోడ్డులోనూ లీలామహల్ సర్కిల్‌లోనూ దారి తెలియని యాత్రికుల కార్లు ఎక్కడ ఆగుతాయో నడిపేవారికే తెలియదు. చెయ్యి ఊపిన ప్రతి మనిషి దగ్గరా ఆటో ఆగుతుంది. అలిపిరి వైపు వెళ్తే, కొండ వైపు చూస్తూ చేతులు జోడించి రోడ్డు దాటే భక్తులుంటారు, వారికి హారన్ వినిపించదు. శ్రీనివాస సేతు మీద హాయిగా వెళ్లినా కిందికి దిగగానే మళ్లీ అదే వరస. ఈ నడకకు కావలసింది తేలికైన బండి, చిన్న చోటులో తిరిగే హ్యాండిల్, మెత్తని క్లచ్.

చిత్తూరు వైపు రోజూ వెళ్లిరావలసినవారి సంగతి వేరు. పూతలపట్టు–నాయుడుపేట రహదారి మీద లారీలే ఎనభై వేగంతో వెళ్తాయి, వాటి పక్కన అరవై దగ్గర వణికే బండి ఉంటే ప్రమాదమే. జూన్, జూలై నెలల్లో తోతాపురి కాయలు నింపుకున్న ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి, చాలావాటికి వెనక లైటు ఉండదు. అక్కడ మంచి హెడ్‌లైటు, నమ్మదగిన బ్రేకు, కాస్త మిగులు శక్తి అవసరమవుతాయి. మూడో రకం ఘాట్ రోడ్డు, దాని గురించి విడిగా చెప్పాలి. ఈ మూడింటిలో మీ రోజువారీ ప్రయాణం ఏదో ముందు తేల్చుకుంటే సగం బండ్లు జాబితాలోంచి వాటంతటవే తొలగిపోతాయి. ఏడాదికి ఒకసారి స్నేహితులతో వెళ్లే దూరప్రయాణం కోసం మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజులూ బరువైన బండిని ఈడ్చుకుంటూ తిరగడం తెలివైన పని అనిపించుకోదు.

సీటు ఎత్తు, బరువు

గత ఏడాది మా మేనకోడలికి రేణిగుంట వైపు ఉద్యోగం వచ్చింది. ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. స్కూటీ చాలని ఇంట్లో అందరూ అన్నా, గేర్ల బండే కావాలని పట్టుబట్టింది. షోరూంలో ఆమెకు మొదట నచ్చింది ఒక 160 సీసీ బండి. ఎక్కి కూర్చుంది, రెండు అద్దాలూ సరిచేసుకుంది, తరువాత నావైపు చూసి, "బండి బాగుండాది గానీ మామా, మునివేళ్లే ఆనతాండాయి" అంది. "నాలుగు రోజులు నడిపితే అలవాటైపోతుంది మేడం" అన్నాడు సేల్స్‌మన్. స్టాండు తీసి, బండి మీద కూర్చునే దానిని మూడు బారల దూరం వెనక్కి నెట్టమన్నాను. షోరూం నేల బయటికి కొద్దిగా వాలుగా ఉంటుంది. రెండు అడుగులు నెట్టేసరికి ఆమె పళ్లు బిగించింది, మూడో అడుగుకు బండి కుడివైపు ఒరగబోతే ఆ అబ్బాయే వచ్చి పట్టుకున్నాడు. ఆ తరువాత అలవాటు ఊసు ఎవరూ ఎత్తలేదు.

ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు, ఎవరైనా చేయవచ్చు. రోజూ వేసుకునే చెప్పులో బూట్లో వేసుకుని వెళ్లాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు భాగమైనా పూర్తిగా నేలకు ఆనాలి, ఒక పాదం మడమతో సహా ఆనితే ఇంకా మంచిది. తరువాత బండిని వెనక్కి నెట్టి చూడాలి, హ్యాండిల్‌ను చివరిదాకా రెండు వైపులా తిప్పి చూడాలి, మెయిన్ స్టాండు ఉంటే ఎవరి సాయమూ లేకుండా వేసి చూడాలి. ఇవి చేయలేని బండి ఎంత అందంగా ఉన్నా అది మీ రెండో బండి కావచ్చు గానీ మొదటిది కాకూడదు.

కంపెనీలు ఇచ్చే కొలతలు కూడా కొంత దారి చూపుతాయి. సీటు ఎత్తు టీవీఎస్ రైడర్‌కు 780 మిల్లీమీటర్లు, హీరో స్ప్లెండర్ ప్లస్‌కు 785, యమహా ఎఫ్‌జెడ్‌కూ రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్‌కూ 790, హోండా షైన్ 125కు 791. క్లాసిక్ 350 దగ్గర అది 805 అవుతుంది, యమహా ఆర్15కు 815, కేటీఎం డ్యూక్ 200కు 820 దాటుతుంది. మధ్యలో తేడా నాలుగు సెంటీమీటర్లే కదా అనిపించవచ్చు, కానీ ఎడమ కాలి కింద గుంత వచ్చినప్పుడు ఆ నాలుగు సెంటీమీటర్లే మనిషిని నిలబెడతాయో పడగొడతాయో తేలుస్తాయి. సీటు వెడల్పుగా ఉంటే తొడలు దూరమై కాళ్లు ఇంకా పొట్టివవుతాయి కాబట్టి అంకెను మాత్రమే నమ్మకుండా కూర్చుని చూడాలి. బరువులో తేడా ఇంతకన్నా పెద్దది: స్ప్లెండర్ 112 కిలోలు, షైన్ కూడా ఇంచుమించు అంతే, రైడర్ 123, ఎఫ్‌జెడ్ 135 పైచిలుకు, పల్సర్ 150 దాదాపు 148, హంటర్ 181, క్లాసిక్ 195.

బరువు రోడ్డు మీదకన్నా ఇంటి ముందు ఎక్కువ తెలుస్తుంది. కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఇంటి గేటు ముందు కాలువ ఉంటుంది, దాని మీద ఏటవాలుగా సిమెంటు ర్యాంపు ఉంటుంది, రాత్రి పదింటికి అలసిపోయి వచ్చి బండిని దాని మీదుగా లోపలికి ఎక్కించాలి, పొద్దున వెనక్కి దించాలి. కొనేముందు ఆ ర్యాంపు ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు.

తరగతులవారీగా

100 సీసీ బండ్లలో స్ప్లెండర్ పేరే మొదట చెప్పాలి. 1994 నుంచి మన రోడ్ల మీద ఉన్న బండి అది. 97.2 సీసీ ఇంజను, ఎనిమిది హార్స్‌పవర్, నాలుగు గేర్లు. తప్పుగా యాక్సిలేటర్ తిప్పినా ముందుకు దూకదు, క్లచ్ కాస్త ముందుగా వదిలేస్తే ఆగిపోతుందే తప్ప మనిషిని విసిరేయదు. పుంగనూరు నుంచి సత్యవేడు దాకా ఏ పల్లెలోనైనా దాన్ని విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. (ఆ సత్యవేడు మండలంలోనే మాదన్నపాలెం దగ్గర హీరో కంపెనీ ఫ్యాక్టరీ కూడా ఉంది.) ఊళ్లో తిరగడానికీ, ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారికిచ్చే లైసెన్సు) తీసుకుని నేర్చుకోవడానికీ, పరీక్షలో ఎనిమిది వేయడానికీ ఇంతకన్నా సులువైన బండి లేదు. హోండా షైన్ 100 వంద కిలోల లోపే ఉంటుంది కాబట్టి మరీ సన్నగా ఉన్నవారు దానినీ చూడవచ్చు. ఈ తరగతి లోపం రెండు చోట్ల బయటపడుతుంది: రహదారి మీద లారీని దాటవలసి వచ్చినప్పుడు, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు. రెండు చోట్లా ఇంజను అరుస్తుంది, బండి మాత్రం తాపీగా వెళ్తుంది.

కొత్తవారిలో ఎక్కువమందికి నేను చెప్పేది 125 సీసీ. కారణం సూటిగా ఉంది. స్ప్లెండర్ నుంచి షైన్ 125కు వస్తే బరువు పెరగదు, శక్తి మాత్రం పదిన్నర హార్స్‌పవర్‌కు చేరుతుంది, నాలుగు గేర్లు ఐదవుతాయి. అంటే నేర్చుకునే రోజుల్లో పడే కష్టం ఏమీ పెరగకుండానే, నేర్చుకున్న తరువాత బండి చాలడం లేదన్న అసంతృప్తి తగ్గుతుంది. ఈ తరగతిలోనే స్వభావాలు వేరువేరు. షైన్ నెమ్మదైన బండి, ఇంజను చప్పుడు తక్కువ, సీటు పొడవుగా చదునుగా ఉంటుంది. చీర కట్టుకున్న అమ్మనో అత్తనో ఒకవైపు కాళ్లు పెట్టి కూర్చోబెట్టుకుని గుడికి తీసుకెళ్లవలసినవారికి ఆ సీటు విలువ తెలుస్తుంది, ఎందుకంటే ఒకవైపుగా కూర్చున్న మనిషి బరువు బండిని ఆ పక్కకే లాగుతూ ఉంటుంది, వెనక సీటు ఎత్తుగా ఇరుకుగా ఉంటే ఆవిడ కదిలినప్పుడల్లా హ్యాండిల్ ఊగుతుంది. రైడర్‌కు చురుకు ఎక్కువ, పదకొండు హార్స్‌పవర్ దాటుతుంది, సీటు తక్కువ ఎత్తులో ఉంటుంది, ఒంటరిగా తిరిగే యువతకు అది బాగా కుదురుతుంది. మా మేనకోడలు ఈ రెండింటినీ వెనక్కి నెట్టి చూసింది, రెండూ ఆమె మాట విన్నాయి. పల్సర్ 125 చూడడానికి పెద్ద బండిలా ఉంటుంది, బరువు కూడా పెద్ద బండిదే, 140 కిలోలు. శక్తి మాత్రం తక్కిన 125లతో సమానం. పొడవైన, బలమైన కుర్రవాడికి ఇబ్బంది లేదు, మిగిలినవారు ఆ అదనపు బరువుకు బదులుగా ఏమి దక్కుతోందో ఆలోచించుకోవాలి.

150–160 సీసీ తరగతి రోజూ రహదారి మీద ముప్పై నలభై కిలోమీటర్లు వెళ్లేవారికి, ఎత్తు ఐదున్నర అడుగులు దాటినవారికి సరిపోతుంది. ఇక్కడ సీసీని చూసి మోసపోకూడదు. ఎఫ్‌జెడ్ 149 సీసీ ఉన్నా పన్నెండున్నర హార్స్‌పవర్ దగ్గరే ఆగుతుంది. వెనక వెడల్పాటి టైరు, ముందు చక్రాన్ని బిగుసుకుపోనివ్వని ఏబీఎస్, నిటారుగా కూర్చునే తీరు కలిసి దాన్ని పెద్దమనిషి తరహా బండిగా చేశాయి. అపాచీ ఆర్‌టీఆర్ 160 4వీ ఇంచుమించు అదే పరిమాణంలో పదిహేడున్నర ఇస్తుంది, ఆర్15 పద్దెనిమిది దాటుతుంది. ఈ ఐదారు హార్స్‌పవర్ల తేడా యాక్సిలేటర్ మీద చేయి ఇంకా కుదురుకోనివారికి పెద్ద తేడా. పైగా ఆర్15 మీద ముందుకు వంగి మణికట్ల మీద బరువు వేసి కూర్చోవాలి, గాంధీ రోడ్డు రద్దీలో అరగంట అలా కూర్చుంటే క్లచ్ పట్టే వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

350 సీసీ బండ్ల గురించి న్యాయంగా మాట్లాడాలి, ఎందుకంటే పెద్ద ఇంజను కాబట్టి కొత్తవారికి కష్టమని అందరూ అనేది పూర్తిగా నిజం కాదు. హంటర్ ఇంజను 20 హార్స్‌పవర్లే ఇస్తుంది, కానీ టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం, 27 న్యూటన్ మీటర్లు, అదీ తక్కువ ఆర్‌పీఎంలోనే అందుతుంది. అందువల్ల హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి, కదిలించేటప్పుడు 100 సీసీ బండి ఆగిపోయే చోట ఇది ఆగిపోకుండా మెల్లగా కదులుతుంది. నేర్చుకునేవారికి ఇది నిజమైన సౌకర్యం. చిక్కంతా 181 కిలోల దగ్గరే ఉంది. కదులుతున్నంతసేపు తెలియని ఆ బరువు, ఆపి వాలు మీద తిప్పేటప్పుడు ఒక్కసారిగా తెలుస్తుంది. స్నేహితుడి హంటర్‌ను మైదానంలో పది సార్లు ఎనిమిది వేసి, పడిపోయిన బండిని ఒక్కరే లేపగలిగినవారు దాన్ని మొదటి బండిగా కొన్నా నేను వద్దనను. అలాంటివారు పదిమందిలో ఇద్దరు ఉంటారేమో. డ్యూక్ వరస మాత్రం, 200 అయినా 390 అయినా, రెండేళ్లు వేరే బండి నడిపిన తరువాతే.

మిగిలిన దారులు క్లుప్తంగా. గేర్లు నేర్చుకోవాలన్న పట్టుదల లేకపోతే స్కూటరు మంచి ఎంపికే, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే గేరు లేని బండి లైసెన్సుతో గేర్ల బండి నడపకూడదు, ఆ సంగతి లైసెన్సు తీసుకునేటప్పుడే ఆలోచించుకోవాలి. పాల క్యాన్లు, గడ్డిమోపులు మోయడానికి టీవీఎస్ ఎక్సెల్‌కు సాటి లేదు. సీఎన్‌జీతో నడిచే బజాజ్ ఫ్రీడమ్ 125కు ఇంధనం ఖర్చు తక్కువ, కానీ సీటు ఎత్తు 825, పొట్టివారికి కాళ్లు అందవు.

బ్రేకులు, గేర్ల వరస

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బండ్లకు ఏబీఎస్, అంతకు లోపువాటికి కనీసం సీబీఎస్ తప్పనిసరి అయ్యాయి. సీబీఎస్ ఉంటే వెనక బ్రేకు తొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పట్టుకుంటుంది. కొత్తవారు భయంతో వెనక బ్రేకునే గట్టిగా తొక్కుతారు కాబట్టి ఇది వారికి మేలు చేసే ఏర్పాటు. ఏబీఎస్ చేసే పని వేరు. ఇసుక మీదనో తడి మీదనో ముందు బ్రేకు పిడికిలి బిగించి పట్టినా చక్రం బిగుసుకుపోకుండా క్షణక్షణం వదిలి పట్టుకుంటుంది, లివరు దగ్గర చిన్న వణుకు తెలుస్తుంది. 125 సీసీలో ముందు డిస్కు ఉన్న రకం, డ్రమ్ము ఉన్న రకం రెండూ దొరికితే, కొన్ని వేలు ఎక్కువైనా డిస్కే తీసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు వాన కాలం, రోడ్డు మీద నీళ్లలోంచి వెళ్లిన డ్రమ్ము బ్రేకు ఆరేదాకా సరిగా పట్టదు. డిస్కు ఒకటి రెండు సార్లు నొక్కితే ఆరిపోతుంది. అండర్‌బ్రిడ్జిలో నీళ్లు నిలిచినప్పుడు మాత్రం ఏ బ్రేకున్నా అందులో దిగకూడదు.

గేర్ల వరస గురించి షోరూంలో ఎవరూ చెప్పరు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. స్ప్లెండర్‌లో గేర్లన్నీ కాలి ముందు భాగంతో కిందికి తొక్కితే పెరుగుతాయి, మడమతో తొక్కితే తగ్గుతాయి. పల్సర్ 150 లాంటివాటిలో మొదటి గేరు కిందికి, తరువాతివన్నీ పైకి. నాన్న స్ప్లెండర్ మీద నేర్చుకున్న కుర్రవాడు కొత్త పల్సర్ ఎక్కితే ఏమవుతుందో ఊహించండి. మూడో గేరులో యాభై మీద వెళ్తూ నాలుగో గేరు వేయాలని అలవాటుగా కాలు కిందికి తొక్కుతాడు, రెండో గేరు పడుతుంది, క్లచ్ వదలగానే ఇంజను ఒక్కసారి అరిచి వెనక చక్రం జారుతుంది. నాకు తెలిసిన ఇద్దరు ఇలా పడ్డారు. ఏ బండి మీద నేర్చుకున్నారో అదే వరస ఉన్న బండి కొనడం మేలు, లేదంటే కొత్త వరస కాలికి పట్టేదాకా వారం రోజులు ఖాళీ రోడ్డులోనే తిప్పాలి. ఇంట్లో ఇప్పటికే ఒక బండి ఉండి ఇద్దరూ మార్చి మార్చి నడిపేటట్లయితే ఇది మరీ ముఖ్యం.

ఘాట్ రోడ్డు కోసం ఏ బండి?

కొత్త బండి కొన్న ప్రతివారికీ దాని మీద తిరుమలకు వెళ్లాలని ఉంటుంది. పైకి 1974లో వేసిన రెండో ఘాట్ రోడ్డు, కిందికి 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు. ఎక్కేటప్పుడు తేడా శక్తిలో కనిపిస్తుంది: 100 సీసీ బండి మీద ఇద్దరు వెళ్తే ఎక్కువ భాగం రెండు, మూడు గేర్లలోనే గడుస్తుంది, 125 అయితే మూడో గేరులో తేలిగ్గా లాగుతుంది, 150 పైన ఆ ఆలోచనే రాదు. అయినా ఎక్కడం ఏ బండికైనా సాధ్యమే, ఆలస్యమవుతుంది అంతే. అసలు పరీక్ష దిగేటప్పుడు. పాత ఘాట్ మలుపులు బాగా ఇరుకు, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. బ్రేకులు పట్టుకునే దిగితే అవి వేడెక్కి పట్టు తగ్గుతాయి, ముఖ్యంగా డ్రమ్ములు. ఎక్కిన గేరులోనే, అంటే రెండో మూడో గేరులోనే దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపు ముందు మాత్రమే అవసరమవుతుంది. గేర్ల బండికి ఇక్కడ స్కూటరు మీద స్పష్టమైన పైచేయి ఉంది, ఎందుకంటే స్కూటరులో గేరు ఎంచుకునే వీలు లేదు, బ్రేకుల మీదే ఎక్కువ ఆధారపడాలి.

పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో, ఇంకొందరు ఇంజను కూడా ఆపేసి దిగుతారు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల తరువాత వచ్చిన బండ్లన్నీ దాదాపు ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే. గేరులో ఉండి యాక్సిలేటర్ వదిలి దిగుతున్నప్పుడు వాటిలో ఇంజెక్టరే పెట్రోలు ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండడానికి ఎంతో కొంత కాలుస్తూనే ఉంటుంది. ఆ పొదుపు లెక్క తలకిందులన్నమాట. కొన్న మొదటి రెండు నెలలు కొండకు వెళ్లకుండా, తరువాత ఒక మామూలు రోజు పొద్దున వెనక ఎవరూ లేకుండా వెళ్లిరావడం మంచిది. రాత్రివేళ ద్విచక్ర వాహనాలను ఘాట్ మీదకు వదలరు, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ సమయంలో అసలే అనుమతించరు.

ఖర్చు

2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, అంతకు మించినవాటికి 40 శాతమైంది. కాబట్టి ఈ పోలికలో ఉన్న బండ్లు దాదాపు అన్నీ చవకైనవే. అయినా గోడ మీద రాసే ఎక్స్‌షోరూం ధర వేరు, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు కలిపిన ఆన్‌రోడ్ ధర వేరు, కాగితం మీద రాయించుకోవలసింది రెండోదే. అందులో ప్రతి యాక్సెసరీనీ విడిగా రాయమనాలి, క్రాష్ గార్డు, సీటు కవరు పేరుతో కలిపేసిన వేలు అక్కడ బయటపడతాయి.

కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దాని ప్రీమియం సీసీని బట్టి మారుతుంది. 2022 జూన్‌లో అమలైన ధరల ప్రకారం 75 నుంచి 150 సీసీ వరకు ఐదేళ్లకు 3,851 రూపాయలు, 150 దాటి 350 వరకు 7,365, ఆపైన 15,117, పన్ను అదనం. 149 సీసీ ఎఫ్‌జెడ్‌కూ 160 సీసీ అపాచీకీ మధ్య ఇక్కడే మూడున్నర వేల తేడా వస్తుంది. పెట్రోలు లెక్క కూడా ఒకసారి వేసుకోవాలి. తిరుపతి నుంచి రేణిగుంటకు వెళ్లిరావడానికి ఇంటి దగ్గరి తిరుగుడు కలిపి రోజుకు 25 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే 625 కిలోమీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకుంటే, అరవై మైలేజీ ఇచ్చే బండికి నెలకు దాదాపు 1,150, నలభై అయిదు ఇచ్చే 150 సీసీకి 1,530, ముప్పై అయిదు ఇచ్చే 350కి 1,960. కొత్త ఉద్యోగికి నెలకు ఎనిమిది వందలు చిన్న మొత్తం కాదు, అయినా ఈఎంఐలో వచ్చే తేడా ముందు అది చిన్నదే. బడ్జెట్‌లో ఐఎస్ఐ మార్కున్న రెండు హెల్మెట్ల డబ్బు ముందే పక్కన పెట్టాలి, ఒకటి వెనక కూర్చునేవారికి.

పాత బండి కొంటే

నేర్చుకునే రోజుల్లో బండి ఒకటి రెండు సార్లు పడడం ఖాయమనుకుంటే, మూడు నాలుగేళ్ల పాత 100 లేదా 125 సీసీ బండి కొని, ఏడాదిన్నర నడిపి, పెద్ద నష్టం లేకుండా అమ్మి, అప్పుడు మనసుకు నచ్చినది కొనుక్కోవచ్చు. చేతిలో డబ్బు పరిమితంగా ఉన్నవారికి నేను ఇదే చెబుతాను. పొద్దున్నే వెళ్లి ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలి, ముందుగా వేడిచేసి ఉంచిన ఇంజను రోగం దాచుకుంటుంది. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో కలవాలి. పాత చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకోవాలి, ఫైనాన్సు మీద కొన్న బండి అయితే బాకీ తీరిందని ఫారం 35 ఉండాలి, పేరు మార్పుకు ఫారం 29, 30 మీద అమ్మినవారి సంతకాలు అదే రోజు తీసుకోవాలి. 2021 నవంబరు వరదల్లో తిరుపతిలో నీళ్లు చేరని వీధి తక్కువ, కాబట్టి అంతకుముందు కొన్న బండి అయితే హెడ్‌లైటు గాజు లోపల మట్టి చారలున్నాయా, సీటు కింద వైరింగు జాయింట్ల దగ్గర పచ్చని తుప్పు ఉందా అని టార్చి వేసి చూడాలి.

వేలూరు దగ్గరే కదా అని టీఎన్ నంబరు బండి తక్కువకు వస్తే సంబరపడేవారు మన జిల్లాలో చాలామంది. ఎన్‌ఓసీ తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, నంబరు మార్పించుకునేసరికి ఆ తక్కువ ఎక్కువవుతుంది.

మా మేనకోడలు చివరికి కొత్త 125 తీసుకుంది, ముందు డిస్కు ఉన్నది. బండి చేతికి వచ్చిన రోజే కాణిపాకం వెళ్లి పూజ చేయించాలని వాళ్ల నాయనమ్మ పట్టుబట్టింది. తిరుపతి నుంచి కాణిపాకం డెబ్బై కిలోమీటర్లు, అంతా లారీల దారి, చేతిలో ఉన్నది ఎల్‌ఎల్‌ఆర్. కాబట్టి బండిని అక్కడిదాకా నేను నడిపాను, మొదటి సర్వీసు కాలేదు కనుక యాభై దాటకుండా. ఆమె బస్సులో వచ్చింది. పూజ అయ్యాక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి పూజారి పక్కకు జరిగితే, ఆమె ఎక్కి మొదటి గేరు వేసి, హాఫ్ క్లచ్ మీద మెల్లగా వదిలింది. బండి ఆగిపోయింది. రెండోసారీ ఆగిపోయింది. రెండు కాళ్లూ నేలకు పూర్తిగా ఆని ఉన్నాయి కాబట్టి బండి మాత్రం ఇంచు కూడా ఒరగలేదు. మూడోసారికి నిమ్మకాయలు చితికాయి.